లోపలి లోకములు

1964వ సంవత్సరమున అమెరికాలో ఒక నవల వెలువడెను. అట్టపై రచయిత్రి పేరు హన్నా గ్రీన్ అని ఉండెను. అది ఆమె అసలు పేరు కాదు. అసలు పేరు జోఆన్ గ్రీన్‌బర్గ్. 1932లో న్యూయార్కు నగరమందలి బ్రూక్లిన్‌లో జన్మించిన ఆమె, బాల్యము దాటీదాటకముందే తీవ్రమైన మనోవ్యాధికి లోనై, మేరీలాండ్ రాష్ట్రములోని చెస్ట్‌నట్ లాడ్జి అను ఆసుపత్రిలో చికిత్స పొందెను. ఆ అనుభవమునే తరువాత నవలగా మలచెను. ఆ సంగతి లోకమునకు తెలిసినచో తనవారికి తలవంపులగునని పేరు దాచుకొనెను. కాలు విరిగి కట్టు కట్టించుకొన్నవాడు ఆ కథ వ్రాయుటకు మారుపేరు వెదకుకొనడు గదా!

ఆ నవల పేరు ‘ఐ నెవర్ ప్రామిస్డ్ యూ ఎ రోజ్ గార్డెన్’. గులాబీతోటను ఇత్తునని నీకెన్నడును మాట ఇవ్వలేదు అని దాని అర్థము. కథానాయిక డెబొరా బ్లా పదునారేండ్ల బాలిక. తల్లిదండ్రులు ఆమెను కారులో ఆసుపత్రికి తీసికొనిపోవుటతో కథ ప్రారంభమగును. ఇంటిలోనున్న చెల్లెలు సూజీకి మాత్రము, అక్క ఆరోగ్యము కుదుటపడుటకై ఒక విశ్రాంతి పాఠశాలకు వెళ్లినదని చెప్పిరి. దాపరికము ఇంటిలోనే మొదలైనది.

డెబొరా మనస్సులో ‘యిర్’ అను ఒక రాజ్యము కలదు. దానికి దేవతలున్నారు, ప్రత్యేకమైన భాష యున్నది. ఆ రాజ్యము ఊరక పుట్టలేదు. ఐదేండ్ల ప్రాయమున ఆమెకు శస్త్రచికిత్స జరిగినది. నొప్పి ఉండదని పెద్దలు నమ్మబలికిరి, నొప్పి భరింపరానిదయ్యెను. వేసవి శిబిరములో తోటి పిల్లలు ఆమె యూదురాలని అవమానించిరి. బయట దెబ్బ తగిలినప్పుడెల్ల ఆమె యిర్‌లోనికి పోయి తలదాచుకొనెడిది. మొదట అక్కడి దేవతలు ఆదరించిరి. రానురాను వారే ఆమెను హేళన చేసి, శపించి, ఇతరులతో మాటాడనీయక కట్టడి చేసిరి. ఆశ్రయము చెరసాలగా మారినది. మనోవ్యాధిని వెలుపలినుండి చూచువారికి వింత చేష్టలే కనబడును. ఆ చేష్టల వెనుకనున్న భయమును ఈ నవల లోపలినుండి చూపినది.

నవలలోని వైద్యురాలు డాక్టర్ ఫ్రీడ్. ఈమెకు మూలము గ్రీన్‌బర్గ్‌కు నిజముగా చికిత్స చేసిన ఫ్రీడా ఫ్రామ్ రైక్‌మన్. ఆమె 1889లో జర్మనీలో జన్మించినది. యూదురాలగుటచే హిట్లరు అధికారములోనికి వచ్చిన పిమ్మట స్వదేశమును విడిచి, 1935లో అమెరికా చేరినది. 1957లో మరణించుటచే ఈ నవలను చూడజాలలేదు.

డాక్టర్ ఫ్రీడ్ యిర్ రాజ్యము అబద్ధమని డెబొరాను గద్దింపదు, నిజమని తలయూపదు. బలవంతముగా దానిని లాగివేయనని ముందే చెప్పును. ఏండ్ల తరబడి ఓపికతో ప్రశ్నలు వేయును. పసికందైన చెల్లెలిని కిటికీలోనుండి విసరివేయబోయితినని డెబొరా చిన్ననాటినుండి నమ్మి, తనను తాను దుష్టురాలిగా ఎంచుకొన్నది. ఐదేండ్ల పిల్ల ఆ శిశువునెత్తి కిటికీవద్ద అట్లు పట్టుకొనగలదా? వైద్యురాలు ఈ ఒక్క ప్రశ్నను పట్టుకొని కదలదు. ఆ జ్ఞాపకము జరిగిన సంఘటన కాదని, అసూయ అల్లిన కల్పన యని చివరకు తేలును. నవలలో ఇంతకన్న గొప్ప ఘట్టము లేదు.

ఒకనాడు ఆసుపత్రి పరిచారకుడొకడు కట్టివేయబడియున్న రోగిని కొట్టును. డెబొరా అది చూచి వైద్యురాలితో మొరపెట్టుకొనును. న్యాయము జరుగదు. న్యాయమే లేని లోకమునకు తిరిగి వచ్చి ప్రయోజనమేమని ఆ బాలిక నిలదీయును. అప్పుడు వైద్యురాలు పలికిన మాటయే నవలకు పేరైనది. సుఖములు లభించునని ఆమె ఆశ చూపలేదు; పోరాడు స్వేచ్ఛను మాత్రమే ఇవ్వజూపినది. అదే ఆసుపత్రిలో మెక్‌ఫెర్సన్ అను మరియొక పరిచారకుడు కలడు. అతడు రోగులను మనుష్యులుగా ఎంచి మాటాడును. అతడు వచ్చినచో వార్డంతయు తేలికపడును.

మూడేండ్ల తరువాత డెబొరా పాఠశాల చదువునకు సమానమైన పరీక్షలో ఉత్తీర్ణురాలగును. నడుమ ఎన్నిసార్లు వెనుకకు జారినదో లెక్క లేదు.

ఈ నవలను వైద్యగ్రంథముగా మాత్రము చదువరాదు. డెబొరాకు సంభాషణయే మందు. ఆ కాలమున ఇట్టి వ్యాధికి తగిన మందులు లేవు. అవి 1950 తరువాత వచ్చినవి. నేడు తీవ్రమైన మనోవ్యాధికి మందులును, సంభాషణయు జతగా నడచును. రచయిత్రికి వచ్చినది స్కిజోఫ్రీనియాయేనా అని కూడ తరువాత కొందరు వైద్యులు సందేహించిరి. భారతదేశమున 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ సేవ ద్వారా, 14416 అను సంఖ్యకు టెలిఫోను చేసి, ఎవరైనను తమ మానసిక బాధను తెలుపుకొని సలహా పొందవచ్చును. ఐనను మన తరగతి గదులలో ‘పిచ్చి’ అనుమాట ఒకప్పుడు ముచ్చటగా, ఒకప్పుడు తిట్టుగా యథేచ్ఛగా దొర్లుచునే యున్నది. సినిమా పిచ్చి అన్నప్పుడు ఎవరికిని నొప్పి లేదు. నిజముగా బాధపడుచున్న బాలుడు ప్రక్క బల్లపై కూర్చుండి యున్నప్పుడు ఆ మాట అతనికెట్లు వినబడునో!

2015లో నీల్ షుస్టర్‌మన్ వ్రాసిన ‘ఛాలెంజర్ డీప్’ అట్టి బాలుని కథ. పసిఫిక్ మహాసముద్రములో సుమారు 10,900 మీటర్ల లోతుగల అగాధము పేరే ఆ నవల పేరు. పదునైదేండ్ల కేడెన్ బాస్ చిత్రములు గీయుటలో నేర్పరి. పాఠశాలలో ఎవడో తనను చంపదలచుచున్నాడని ఒకనాడు తండ్రితో అనును. పరుగుపందెముల జట్టులో చేరితినని ఇంటిలో చెప్పి, గంటలకొలది వీధులలో ఒంటరిగా నడచును. మిత్రులు క్రమముగా దూరమగుదురు. మరియొక ప్రక్క అతడు ఒక ఓడలో ఆ అగాధమువైపు ప్రయాణము చేయుచుండును. ఈ ఓడ యెక్కడిదని పాఠకుడు మొదట తికమకపడును. కొంత చదివిన పిమ్మట ఓడయే ఆసుపత్రి యని, నావికులే తోటి రోగులని, చిలుకయే వైద్యుడని, అక్కడి పానీయములే మందులని స్ఫురించును. ఆ తికమకయే కేడెన్ నిత్యము అనుభవించునది.

షుస్టర్‌మన్ కుమారుడు బ్రెండన్ యౌవనారంభమున మనోవ్యాధితో బాధపడెను. ఆ దినములలో అతడు గీసిన చిత్రములు ఈ నవలలో ముద్రింపబడినవి. ఈ పుస్తకమున మారుపేరు లేదు. తండ్రి పేరును, కుమారుని పేరును కలవు. గ్రీన్‌బర్గ్ నవలకు దీనికి నడుమ 51 సంవత్సరములు గడచినవి. ఆ యేడే దీనికి అమెరికా జాతీయ గ్రంథ పురస్కారము లభించెను.

కేడెన్ ఇల్లు చేరును. వ్యాధి పూర్తిగా తొలగినదని రచయిత చెప్పడు. ఓడ నాయకుడు మరల వచ్చి, ప్రయాణమునకు రమ్మని పిలుచును. అతడు ఎల్లప్పుడును ఎక్కడనో వేచియుండునని కేడెన్‌కు తెలియును. ఆనాటికి మాత్రము వెళ్లడు.