రాగి టోపీ లేకపోతే తుపాకీ కర్రతో సమానం

1857 తిరుగుబాటు పాఠం అందరికీ గుర్తుండే ఉంటుంది. ఎన్‌ఫీల్డ్ తుపాకీ, ఆవు కొవ్వు, పంది కొవ్వు, కాగితం తూటాని పళ్లతో కొరకడం. కానీ ఆ పాఠంలో ఒక చిన్న విషయం చెప్పరు. ఆ తూటా తనంతట తాను పేలదు. అందులో ఉండేది సీసం గుండు, తుపాకీ మందు, అంతే. (బ్లాక్ పౌడర్‌ని 'నల్లమందు' అనకూడదు, మనకి నల్లమందంటే ఓపియం!) నిప్పు వేరే చోటి నుంచి రావాలి. ఆ నిప్పు ఇచ్చేది పెర్కషన్ క్యాప్, అంటే చిటికెన వేలి గోరంత రాగి టోపీ.

పని చేసే పద్ధతి సింపులే. గొట్టం మూతిలోంచి మందు, గుండు వేసి కూరతారు. వెనకాల సన్నటి రంధ్రం ఉన్న ముక్క మీద టోపీ తొడుగుతారు. ట్రిగ్గర్ నొక్కితే సుత్తి దాని మీద పడుతుంది, లోపల పూసిన మెర్క్యురీ ఫల్మినేట్ భగ్గుమని ఆ మంట రంధ్రంలోంచి మందుకి అంటుకుంటుంది. ఇది రాకముందు చెకుముకి రాయి తుపాకీలు ఉండేవి. వానొస్తే వాటితో కష్టమే. 1807లో స్కాట్లండ్‌కి చెందిన ఫోర్సైత్ అనే పాస్టర్ దెబ్బకి పేలే రసాయనంతో తుపాకీ పేల్చే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. రాగి టోపీ ఆ తర్వాత వచ్చింది. వాన సమస్య చాలావరకు తీరింది, కొత్త సమస్య మొదలైంది. చెకుముకి రాయి నేలమీద దొరుకుతుంది, టోపీ మాత్రం ఫ్యాక్టరీలోనే తయారవ్వాలి. అమెరికా పశ్చిమాన అడవుల్లో తిరిగే వేటగాళ్లు చాలామంది పాత తుపాకీలే చాలాకాలం వదల్లేదు. నాకైతే అది చాదస్తం అనిపించదు.

ఈ డిపెండెన్సీ ఎంత ప్రమాదమో అమెరికా అంతర్యుద్ధంలో (1861-65) దక్షిణాది రాష్ట్రాలకి అర్థమైంది. అదే ఎన్‌ఫీల్డ్ తుపాకీలు వాళ్లు కూడా ఇంగ్లండ్ నుంచి తెప్పించుకున్నారు. సైనికుడికి ఇచ్చే పొట్లంలో 10 తూటాలుంటే టోపీలు 12 పెట్టేవారు. ఎందుకంటే అవి జారిపోతాయి, కొన్ని పేలవు. మన భాషలో చెప్పాలంటే రిడండెన్సీ. కానీ తూటాల కంటే టోపీలే ఎక్కువ కావాలంటే, అంత రాగి ఏది?

వాళ్ల రాగి ఎక్కువగా టెనెసీలోని డక్‌టౌన్ గనుల నుంచి వచ్చేది. 1863 చివర్లో చాటనూగా దగ్గర ఓడిపోవడంతో ఆ గనులు చేజారాయి. ఆయుధ శాఖ చూసే జోసయా గోర్గస్ వెంటనే కంచు ఫిరంగుల తయారీ ఆపించి, ఉన్న రాగి మొత్తం టోపీలకే దాచాడు. అదీ చాలలేదు. చివరికి ఎక్కడ దొరికిందో తెలుసా? నార్త్ కరోలినాలో టర్పెంటైన్, ఆపిల్ బ్రాందీ కాచే బట్టీల్లో. ఆ రాగి పాత్రలు పట్టుకొచ్చి, ముక్కలు కోసి, రిచ్‌మండ్ పంపారు. యుద్ధం చివరి ఏడాదిలో ఇచ్చిన టోపీలన్నీ ఆ సారా బట్టీల రాగే అని గోర్గస్ కింద పనిచేసిన ఒక అధికారి తర్వాత రాశాడు. అంటే ఊళ్లో బ్రాందీ ఆగితే అక్కడ తుపాకీ పేలింది.

పాదరసం కథ కూడా ఇంతే. ఫల్మినేట్‌కి అది తప్పనిసరి, వచ్చేది మెక్సికో నుంచి. 1863 జూలైలో విక్స్‌బర్గ్ పడిపోయి మిసిసిపీ నది చేజారాక ఆ దారి మూసుకుపోయింది. వాళ్ల కెమిస్టులు పాదరసం లేని మరో మిశ్రమంతో నెట్టుకొచ్చారు.

ఇంజనీరింగ్ స్టూడెంట్‌గా ఇది చదివితే "వారెవ్వా, ఏం జుగాడ్!" అనిపిస్తుంది. కానీ ఆ సైన్యం పోరాడింది బానిసత్వం నిలబెట్టడానికి. టోపీలు ముందే అయిపోయుంటే కొన్ని లక్షల మందికి స్వేచ్ఛ కొన్ని నెలలు ముందే వచ్చేదేమో. గోర్గస్ తెలివి మెచ్చుకుంటూనే ఆ తెలివి ఎవరి మెడ మీద నిలబడిందో అడగాలి కదా.

టోపీకి బదులుగా ఇంకో ప్రయత్నం కూడా జరిగింది. మేనార్డ్ అనే డెంటిస్టు 1845లో కాగితం టేపులో పేలుడు చుక్కలు పెట్టాడు. దీపావళి తుపాకీలో మనం వేసే రీలు అచ్చం అదే. అమెరికా సైన్యం 1855 మోడల్ తుపాకీలో దాన్ని పెట్టి చూసింది. తేమకి ఆ కాగితం మెత్తబడి సరిగ్గా పేలేది కాదు. దాంతో 1861 మోడల్‌లో మళ్లీ రాగి టోపీకే వచ్చారు.