మొగలిపువ్వు సాక్ష్యం

జహీరాబాద్ దగ్గర ఝరాసంగంలో ఉన్న కేతకీ సంగమేశ్వర స్వామి గుడి గురించి చెప్పినప్పుడల్లా ఒక ప్రశ్న వస్తుంది. "శివుడికి మొగలిపువ్వు పనికిరాదు కదా, మరి స్వామి పేరులోనే కేతకి ఏంటి?" అని. కేతకి అంటే మొగలిపువ్వే. జవాబు కోసం శివపురాణంలో విద్యేశ్వర సంహిత దాకా వెళ్లాలి.

బ్రహ్మ, విష్ణువు ఎవరు గొప్ప అని గొడవపడుతుంటే మధ్యలో అగ్నిస్తంభం లేచింది. దాని అంతు చూద్దామని విష్ణువు వరాహమై కిందికి, బ్రహ్మ హంసై పైకి వెళ్లారు. ఇద్దరికీ దొరకలేదు.

ఇక్కడ కాస్త ఆగండి. ఇద్దరూ ఫెయిలయ్యారు. విష్ణువు తిరిగొచ్చి "నాకు అంతు దొరకలేదు" అన్నాడు. బ్రహ్మ మాత్రం పైనుంచి రాలిపడుతున్న మొగలిపువ్వును బతిమాలి, "నేను చివర చూశాను, ఇదిగో సాక్ష్యం" అన్నాడు. శివుడికి కోపం వచ్చింది అబద్ధం మీద. ఓటమి మీద కాదు. ఓడిన విష్ణువుకేమో తనతో సమానమైన పూజ ఇచ్చాడు!

ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో నాకు రెండు సబ్జెక్టులు పోయాయి. ఇంట్లో "రిజల్ట్స్ ఇంకా రాలేదు నాన్నా" అని మూడు నెలలు నెట్టుకొచ్చాను. మా రూమ్మేట్‌తో కూడా ఫోన్‌లో అదే చెప్పించాను. పాపం, వాడే నా మొగలిపువ్వు. మార్కులు పోవడం కంటే ఆ మూడు నెలలే నాకు ఎక్కువ నష్టం చేశాయి. ట్యూషన్‌కి డబ్బులు అడగలేను, సీనియర్‌ని డౌట్ అడగలేను. అడిగితే బయటపడతాను కదా. చివరికి చెప్పేశాను. నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఏ సబ్జెక్టులు రా?" అన్నారు. ఆ రాత్రి మొదటిసారి పుస్తకం తీసి చూస్తే అసలు సంగతి తెలిసింది. లెక్కలన్నీ బట్టీ పట్టానే తప్ప, ఒక్కటీ సొంతంగా చేసి చూడలేదు.

చాలామంది ఈ కథని శాపం దగ్గరే ఆపేస్తారు. తర్వాత కూడా ఉంది. బ్రహ్మను క్షమించమని వేడుకున్నది ఎవరనుకున్నారు? విష్ణువే. గుళ్లలో పూజ లేకపోయినా యజ్ఞాల్లో పెద్దరికం బ్రహ్మకు దక్కింది. మొగలిపువ్వు కూడా కాళ్ల మీద పడితే, "నా పూజకు వద్దు, నా పైన పందిరి అలంకారంలో ఉండు" అని దానికీ ఒక చోటు ఇచ్చాడు స్వామి.

ఇక ఝరాసంగం స్థలపురాణం ఇంకో అడుగు ముందుకేస్తుంది. బ్రహ్మ వచ్చి తపస్సు చేసింది ఇక్కడేనట, మొగలి వనంలో. కుపేంద్రుడనే రాజు చర్మవ్యాధితో బాధపడుతూ వచ్చి ఇక్కడి నీళ్లతో బాగయ్యాడనీ, గుడి కట్టించాడనీ చెబుతారు. బయట శివపూజకు పనికిరాదన్న పువ్వునే ఇక్కడ స్వామికి సమర్పిస్తారు.

హైదరాబాద్ నుంచి ముంబై హైవే మీద జహీరాబాద్ సుమారు వంద కిలోమీటర్లు, అక్కడి నుంచి ఝరాసంగం దగ్గరే. శివరాత్రికి, అమావాస్యలకు కర్ణాటక, మహారాష్ట్ర భక్తులు కూడా వస్తారు, రద్దీ బాగా ఉంటుంది. ప్రశాంతంగా కూర్చోవాలంటే మామూలు రోజు పొద్దున్నే వెళ్లండి. ముందు అమృతగుండంలో కాళ్లు కడుక్కోండి. ఎక్కడైనా మొగలిపువ్వు దొరికితే ఒకటి పట్టుకెళ్లండి.