మార్కెట్ ఇంగ్లీషు: కంటాంగో, బ్యాక్‌వర్డేషన్

వాయిదా బజారు వార్తలలో ఈ రెండు మాటలు తరచు తగులుతుంటాయి. రెండూ పందొమ్మిదవ శతాబ్దంలో లండన్ స్టాక్ ఎక్స్చేంజిలో పుట్టినవి. వాటాలు కొని, సొమ్ము చెల్లింపును తర్వాతి వాయిదాకు జరుపుకొనేవాడు ఇచ్చుకొనే రుసుమును అప్పట్లో కంటాంగో అనేవారు. ఇప్పుడు సరుకుల బజారులో అర్థం వేరు. హాజరు ధర కంటె వాయిదా ధర ఎక్కువగా ఉంటే కంటాంగో, తక్కువగా ఉంటే బ్యాక్‌వర్డేషన్.

ఉదాహరణకు పసుపు హాజరు ధర క్వింటాలుకు 12,000 రూపాయలు, మూడు నెలల వాయిదా ధర 12,600 అనుకుందాం. ఇది కంటాంగో. గిడ్డంగి అద్దె, వడ్డీ, బీమా, తరుగు కలిపి నెలకు 150 చొప్పున మూడు నెలలకు 450 పోతే మిగిలేది 150. వాయిదా ధర 12,300 అయితే నిల్వ ఖర్చు కూడా రాదు.

రైతు సోదరులు పొరబడేది ఇక్కడే. కంటాంగో అనగానే ధర పెరుగుతుందని జోస్యం చెప్పినట్లు భావించి సరుకు దాచుకుంటారు. అది జోస్యం కాదు, ఈనాటి బేరం మాత్రమే. సరుకు నిల్వ ఉంచుకొని, అదే రోజు వాయిదాలో అమ్మినవాడికే ఆ తేడా దక్కే అవకాశం. ఊరక దాచినవాడు మూడు నెలల తరువాత ఏ ధర ఉంటే ఆ ధరకే అమ్ముకోవాలి.

కంటాంగో ఎంత దూరం పోగలదో 2020 ఏప్రిల్ 20న అమెరికా ముడిచమురు బజారులో చూశాం. మే వాయిదా పీపాయి సున్నాకు దిగువన 37.63 డాలర్ల వద్ద ముగిసింది. జూన్ వాయిదా మాత్రం 20 డాలర్ల పైన ఉన్నది. గిరాకీ పడిపోయి, చమురు అప్పగించే కుషింగ్‌లో నిల్వకు చోటు కరవైంది. చోటుకే అంత ఖరీదు!

బ్యాక్‌వర్డేషన్‌లో సంగతి తారుమారు. రాబడి పలచబడి, కొనేవారికి సరుకు వెంటనే కావలసి వచ్చినపుడు హాజరుకే మోజు. అప్పుడు దాచినందుకు బజారు ఏమీ ఇవ్వదు.

ఇక మార్జిన్. అంగట్లో ఈ మాటకు లాభమని వాడుక; ఎక్స్చేంజిలో అది జామీను సొమ్ము. వాయిదాలో అమ్మిన తరువాత ధర పెరిగితే అదనంగా కట్టమని అడగడమే మార్జిన్ కాల్. సరుకు గిడ్డంగిలో భద్రంగా ఉన్నా, ఆ రొక్కం సకాలంలో కట్టకపోతే బ్రోకరు బేరాన్ని నష్టానికే మూసివేయవచ్చు.