రుచి నేర్చిన నాలుక

‘పుఱ్ఱెకొక బుద్ధి, జిహ్వకొక రుచి’ యని పెద్దలు చెప్పుదురు. కాకరకాయ కూర కనబడగానే ఒకడు మొగము చిట్లించును. మఱియొకడు దానికొఱకే విస్తరిముందు ఎదురుచూచును. ‘నాకిది గిట్టదు’ అనుట సులభము. ఆ గిట్టకపోవుట నాలుక ఇచ్చిన తీర్పా, మనస్సులోని వెఱపా యని విచారించువారు అరుదు. అట్లు విచారించి, తన నాలుకకు తానే పాఠము చెప్పుకొన్న ఒక అమెరికా దేశీయుని వృత్తాంతమిది.

జెఫ్రీ స్టైన్‌గార్టెన్ న్యాయశాస్త్రము చదివి న్యూయార్క్ నగరమున న్యాయవాదిగా నుండెను. 1989వ సంవత్సరమున ‘వోగ్’ అను పత్రిక ఆహార విషయములను గూర్చి వ్రాయుటకు అతనిని నియమించెను. దేశదేశముల వంటకములను రుచిచూచి, వాని గుణదోషములను పాఠకులకు తెలుపుట అతని పని. పదవి గౌరవప్రదమైనదే, కాని అతనికొక చిక్కు కలదు. అతనికి గిట్టని పదార్థముల పట్టిక మిక్కిలి పొడవైనది. కొరియావారి ‘కిమ్చీ’ యనిన గిట్టదు. ఆంకోవీ యను చిన్న చేప యనిన ఏవగింపు. భారతీయ భోజనశాలలలో పెట్టు మిఠాయిలు కొన్ని ముఖమునకు పూసికొను లేపనమువలె నుండునని అతని ఫిర్యాదు.

ఒక పక్షముపై ద్వేషము పెట్టుకొన్న న్యాయాధిపతి ధర్మముగా తీర్పు చెప్పజాలడు. వంటకమును చూచి మూతి త్రిప్పుకొనువాడు దానిని గూర్చి లోకమునకు ఏమి చెప్పగలడు? ఈ సంగతి గ్రహించి స్టైన్‌గార్టెన్ తన అయిష్టములను ఒక్కొక్కటిగా వ్రాసికొని, వానిని జయింప నిశ్చయించుకొనెను.

ముందుగా అతడు శాస్త్రజ్ఞుల వ్రాతలను పరిశీలించెను. శిశువు పుట్టుకతోడనే తీపిని కోరును, చేదును ఏవగించుకొనును. తల్లిపాలు తియ్యనివి, ప్రకృతిలోని విషపదార్థములు పెక్కు చేదైనవి. కావున ఈ స్వభావము ప్రాణరక్షణకు తోడ్పడినది. తక్కిన అయిష్టములలో పెక్కు పుట్టుకతో వచ్చినవి కావు, నడుమ చేరినవి. నడుమ చేరినదానిని నడుమనే విడువవచ్చును.

విడుచుట యెట్లు? లీన్ బర్చ్ అను శాస్త్రజ్ఞురాలు మఱియొకరితో కలసి, రెండేండ్ల పిల్లలకు వారెఱుగని పండ్లను, చీజు రకములను పలుమాఱులు ఇచ్చి చూచెను. ఎక్కువసార్లు రుచిచూచిన పదార్థమునే పిల్లలు ఎక్కువగా కోరుకొనిరి. ఈ పరిశోధన 1982లో వెలువడెను. 1987లో ఆమె బృందము ప్రకటించిన మఱియొక పరిశోధనలో ఇంకొక విశేషము తేలెను. కేవలము కంట చూచినంతమాత్రమున రుచిపై ఇష్టము పెరుగలేదు. నోట పెట్టుకొన్నప్పుడే పెరిగెను.

స్టైన్‌గార్టెన్ అవలంబించిన మార్గమును ఇదియే. ఆఱు నెలలపాటు ప్రతిదినము గిట్టని పదార్థమొకటియైనను తినవలెనని అతడు నియమము పెట్టుకొనెను. కిమ్చీ యనునది క్యాబేజీ మొదలగు కూరలను ఉప్పు, వెల్లుల్లి, మిరపకారములతో కలిపి పులియబెట్టిన ఊరగాయ. దక్షిణ కొరియాలో కుటుంబములును, ఇరుగుపొరుగువారును కలసి దానిని తయారుచేసి పంచుకొను ఆచారమును యునెస్కో సంస్థ 2013లో మానవజాతి సాంస్కృతిక వారసత్వముల పట్టికలో చేర్చెను. ఆ ఊరగాయలో పది రకములను అతడు రుచిచూచెను. ఏవగింపు తొలగి మక్కువ పుట్టెను.

ఆంకోవీ చేపపై ద్వేషము ఉత్తర ఇటలీలో తొలగెను. అచ్చటి పీడ్‌మాంట్ ప్రాంతమున ఆ చేపను వెల్లుల్లి, వెన్న, ఆలివు నూనెలతో కలిపి కాచి, వేడివేడిగా కూరముక్కలతో వడ్డింతురు. చెడ్డ వంటను తిని పదార్థమును నిందించుట తగదని దీనివలన తెలియుచున్నది.

నియమము ఫలించెను. అతడు పారిస్ నగరమున గొప్ప భోజనశాల యొకదానిలో కూర్చుండి వంటకముల పట్టిక చేతబట్టెను. ఏది కోరవలెనో తోచలేదు! పూర్వము గిట్టనివి ఎక్కువై చిక్కుపడినవాడు, ఇప్పుడు అన్నియు ఇష్టమై చిక్కుపడెను. కొన్నింటిపై అయిష్టము నిలిచియే యున్నదనియు అతడు దాచలేదు. ఈ అనుభవమును 1997లో ప్రకటించిన గ్రంథమున వివరించెను. ఆ గ్రంథము పేరునకు ‘అన్నియు తిన్న మనిషి’ యని అర్థము.

ఇది మనకు పరాయి సంగతి కాదు. మిరప అమెరికా ఖండములలో పుట్టిన పంట. 16వ శతాబ్దమున పోర్చుగీసువారి మూలమున మన దేశమునకు వచ్చినది. అంతకు ముందు ఇచ్చట కారమునకు మిరియములు, పిప్పళ్లు, అల్లము మొదలగునవే ఆధారము. నేడు గుంటూరు పేరు వినినంతనే మిరప స్ఫురించును. తొలిసారి ఆ ఎఱ్ఱని కాయను కొఱికిన మన పూర్వులు ‘ఇది మనకు గిట్టదు’ అని పాఱవైచి యుండినచో, నేటి ఆవకాయ ఎక్కడిది?

ఆచారముచేతనో, వైద్యుని మాటచేతనో విడిచిన ఆహారమును తినుమని ఎవరిని నిర్బంధింపరాదు. అట్టి కారణమేదియు లేక, రుచిచూడకయే వలదనుట మాత్రము విచారణ లేని తీర్పు. అది వండినవారి శ్రమకు అన్యాయము. తీర్పునకు ముందు ఒక ముద్ద తినవలెను. నచ్చకున్నచో, కొన్ని నాళ్లకు మఱియొక ముద్ద.