మిగిలిన దూరం

ప్రయాణికునికి దూరాన్ని తెలిపే గుర్తులు రెండు. ఒకటి రహదారి పక్కన పాతిన కిలోమీటరు రాయి. రెండవది కారులో స్టీరింగు వెనుక వెలిగే చిన్న తెరపై కనిపించే అంకె. గమ్యం ఇంకా ఎంత దూరమున్నదో రాయి చెబుతుంది. టాంకులో ఉన్న ఇంధనంతో బండి ఇంకా ఎంత దూరం పోగలదో తెర చెబుతుంది. రాయి మీద ‘కడప 96’ అనీ, తెర మీద ‘130’ అనీ ఉంటే చోదకుడు నిశ్చింతగా సాగిపోతాడు. రెండూ అంకెలే కనుక రెండింటినీ ఒకే తీరుగా నమ్మడం సహజం. అయితే వాటి పుట్టుక వేరు. రాతి మీది అంకెను కొలిచి చెక్కారు. తెర మీది అంకెను యంత్రం లెక్కగట్టి ఊహించింది. ఎండకూ వానకూ రాయి మారదు. చోదకుని పాదం కొంచెం బరువుగా ఆనినా తెర మీది అంకె మారిపోతుంది.

కర్నూలు నుంచి కడపకు పోయే రహదారి ఈ భేదాన్ని గ్రహించడానికి ఎంతో అనువైనది. పూర్వం 18వ నంబరు జాతీయ రహదారిగా పిలిచే ఈ మార్గానికి 2010లో సంఖ్యలు మార్చినప్పుడు 40వ నంబరు వచ్చింది. ఓర్వకల్లు రాతిగుట్టలు, పాణ్యం, నంద్యాల, ఆళ్లగడ్డ, చాగలమర్రి, దువ్వూరు, మైదుకూరు దాటి సుమారు 200 కిలోమీటర్లు సాగి అది కడప చేరుతుంది. అక్కడితో ఆగక గువ్వలచెరువు ఘాట్ ఎక్కి రాయచోటి, చిత్తూరుల వైపు పోతుంది. కర్నూలు సముద్రమట్టానికి సుమారు 270 మీటర్ల ఎత్తున ఉంటే, కడప సుమారు 140 మీటర్ల ఎత్తున ఉన్నది. వేసవిలో ఈ సీమలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం ఏటా ఉన్నదే. చెట్టునీడ అరుదైన చోట, మే నెల మధ్యాహ్నం, ముసలివారితో, పసిపిల్లలతో నిండిన కారు పెట్రోలు అయిపోయి నిలిచిపోతే అది కేవలం ఆలస్యంతో తీరే ఇబ్బంది కాదు. ఆత్మకూరు నుంచి దోర్నాలకు పోయే నల్లమల దారి మరింత కఠినమైనది. పులుల అభయారణ్యం గుండా సాగే ఆ మార్గంలో రాత్రిపూట రాకపోకలపై ఆంక్షలున్నాయి. అడవి నడుమ బంకు ఉండదు. అటువంటి చోట తెర మీది అంకెను ఎంతవరకు నమ్మవచ్చునన్న ప్రశ్నకు విలువ ఏర్పడుతుంది.

ఆ అంకె వెనుక ఉన్న గణితం ఒక చిన్న గుణకారం మాత్రమే. టాంకులో ఉన్న లీటర్లను, లీటరుకు బండి ఇస్తున్న సగటు మైలేజితో హెచ్చిస్తే మిగిలిన దూరం వస్తుంది. 10 లీటర్లు ఉండి, సగటు 18 కిలోమీటర్లయితే తెర 180 అని చూపుతుంది. గుణకారంలో తప్పు దొర్లదు. హెచ్చించే రెండు అంకెలే సందేహాస్పదమైనవి.

మొదటిది లీటర్ల సంఖ్య. టాంకులో ఒక సన్నని కడ్డీ చివర బెండు తేలుతూ ఉంటుంది. ఇంధనం తగ్గిన కొద్దీ బెండు దిగుతుంది. కడ్డీ కదలికను బట్టి ఒక విద్యుత్ నిరోధం మారుతుంది. ఆ మార్పును చూసి కంప్యూటరు ఎన్ని లీటర్లున్నవో తేల్చుకుంటుంది. అంటే బెండుకు తెలిసేది మట్టమే. పరిమాణం దానికి తెలియదు. ఈ చిక్కు రాయలసీమ రైతులకు కొత్త కాదు. విజయనగర రాజైన మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు 1369లో కట్టించిన పోరుమామిళ్ల చెరువు మొదలు చిన్న ఊరి కుంట వరకు ఎక్కడైనా, చెరువు నిండుగా ఉన్నప్పుడు ఒక అడుగు తగ్గడమూ, అడుగంటినప్పుడు ఒక అడుగు తగ్గడమూ ఒకటి కావు. పై అడుగు విశాలంగా పరచుకొని ఉంటుంది. కింది అడుగు నడిమి గుంతకే పరిమితం. తూము దగ్గర నిలబడి ఇంకా ఎన్ని తడులకు నీరు వస్తుందో చెప్పే నీరుగంటి, మట్టంతో పాటు చెరువు గర్భాన్ని కూడా మనసులో చూచి చెప్పేవాడు.

కారు టాంకు సైతం పెట్టెలా చతురస్రంగా ఉండదు. వెనుక సీటు కింద, ఇరుసుకూ పొగగొట్టానికీ చోటు విడిచి, వంపులు తిరిగిన ఆకారంలో దానిని అమరుస్తారు. అందువల్ల ఏ మట్టానికి ఎన్ని లీటర్లో తెలిపే పట్టికను కంపెనీవారు కంప్యూటరులో ముందే పొందుపరుస్తారు. పాతకాలపు కార్లలో ముల్లు సగం వరకు మెల్లగా దిగి, తరువాత గబగబా పడిపోవడం చాలామందికి అనుభవమే. పట్టిక వచ్చిన తరువాత ఆ దోషం తగ్గింది. అయినా పూర్తిగా పోలేదు. ఎత్తైన దారిలో ఇంధనం ఒక వైపునకు ఒరుగుతుంది. మలుపులలో అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగిసలాటకు అంకె గంతులు వేయకుండా కంప్యూటరు కొంతసేపటి సగటును మాత్రమే చూపుతుంది. టాంకు అడుగున ఇంధనం కొద్దిగానే ఉన్నప్పుడు ఈ పొరపాటు పాలు పెరుగుతుంది. 30 లీటర్లలో ఒక లీటరు తేడా గమనానికే రాదు. మూడు లీటర్లలో ఒక లీటరు తేడా మూడవ వంతు. అంకె అవసరం ఎక్కువగా ఉన్న వేళే దాని నిజాయితీ తక్కువగా ఉండటం ఈ పరికరంలోని విచిత్రం.

ఇంకొక చిన్న విషయం ఉన్నది. “ఎంతకు కొట్టమంటావన్నా?” అని బంకులో అబ్బాయి అడిగితే, “మున్నూరుకు కొట్టు” అనడం ఈ ప్రాంతంలో తరచుగా వినిపించే మాట. మూడు వందల రూపాయలకు ఇప్పుడు వచ్చేది మూడు లీటర్లకు లోపే. పోసిన ఇంధనం కొన్ని లీటర్లకు తక్కువైతే కొన్ని కార్ల కంప్యూటర్లు దానిని గుర్తించకపోవచ్చునని వాటి వాడుక పుస్తకాలలోనే రాసి ఉంటుంది. డబ్బు ఇచ్చి పెట్రోలు పోయించుకొన్నా అంకె పెరగలేదేమని చోదకుడు బంకువారిని అనుమానించిన సందర్భాలలో, తప్పు కొన్నిసార్లు తెరదే కావచ్చు. ఆ పుస్తకాన్ని తెరిచి చూచేవారు అరుదు.

రెండవ అంకె సగటు మైలేజి. ఇంజనులోకి ఇంధనాన్ని చిమ్మే సూదులు ఎంతసేపు తెరుచుకొన్నవో కంప్యూటరు లెక్కిస్తుంది. దానిని బట్టి ఖర్చు, చక్రాల భ్రమణాన్ని బట్టి దూరం తెలుస్తాయి. ఈ రెండూ జరిగిపోయిన ప్రయాణానికి చెందినవి. రాబోయే దారి ఎటువంటిదో సాధారణమైన కారుకు తెలియదు. నిన్నటి దారి వంటిదే రేపటి దారి అనుకొని అది లెక్క వేస్తుంది. కొన్ని కంపెనీలు గడచిన కొద్ది పదుల కిలోమీటర్ల సగటుకు ప్రాధాన్యమిస్తే, మరికొన్ని దీర్ఘకాలపు సగటును కూడా అందులో కలుపుతాయి.

ఒక ఉదాహరణ చూడవచ్చు. కర్నూలు వాసి ఒకరు వారం రోజులు ఊరిలోనే, సందులలో, సిగ్నళ్ల దగ్గర ఆగుతూ కారు నడిపారు. సగటు లీటరుకు 11 కిలోమీటర్లకు పడిపోయింది. టాంకులో 15 లీటర్లున్నవి. తెర 165 అని చూపుతున్నది. కడప 200 కిలోమీటర్లు. చేరదని తెర అంటున్నది. ఆయన బయలుదేరి నాలుగు వరుసల దారిపై నిలకడగా 80 కిలోమీటర్ల వేగంతో నడిపితే లీటరుకు 17.5 కిలోమీటర్లు వస్తాయనుకొందాం. సుమారు 70 కిలోమీటర్లు పోయి నంద్యాల చేరేసరికి నాలుగు లీటర్లు ఖర్చయి 11 లీటర్లు మిగులుతాయి. ఈలోగా కంప్యూటరు తన సగటును 16కు సవరించుకొంటుంది. 11ను 16తో హెచ్చిస్తే 176. బయలుదేరినప్పుడు 165 ఉన్న అంకె, 70 కిలోమీటర్లు నడిచిన తరువాత 176 అయింది! పెట్రోలు ఎక్కడా పుట్టలేదు. కారు తన అభిప్రాయాన్ని మాత్రమే మార్చుకొన్నది.

వేగం, గాలి, ఎండ ఈ సగటును ఇంకా కదిలిస్తాయి. గాలి నిరోధం వేగం వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. 80 నుంచి 100కు వేగం పెంచితే ఆ నిరోధం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. కర్నూలు, కడప, అనంతపురాల గుట్టలపై గాలిమరలను ఊరకే నిలబెట్టలేదు. నైరుతి రుతుపవన కాలంలో ఇక్కడ పడమటి గాలి బలంగా వీస్తుంది. కడప నుంచి పడమరకు పోయే కారు 80 వేగంతో, ఎదురుగాలి 20 వేగంతో ఉంటే, గాలికి సంబంధించినంత వరకు ఆ కారు 100 వేగంతో పోతున్నట్లే. ఇక ఎండలో కారును ఆపి, ఏసీ నడుస్తుండగా ఎవరికోసమో ఒక గంట వేచి ఉంటే దాదాపు ఒక లీటరు పెట్రోలు ఖర్చవుతుంది. అప్పుడు నడిచిన దూరం సున్న. పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలపడం 2025 నాటికి దేశమంతటా అమలులోకి వచ్చింది. లీటరు ఇథనాలులోని శక్తి లీటరు పెట్రోలు కంటే మూడవ వంతు తక్కువ. ఆ మేరకు తగ్గిన మైలేజిని కంప్యూటరు సగటులో తానుగా పట్టుకొంటుంది.

తెర మీద సున్న కనిపించినంత మాత్రాన టాంకు ఎండిపోయినట్లు కాదు. జాగ్రత్త కోసం కంపెనీలు కొంత ఇంధనాన్ని లెక్కలోకి తీసుకోకుండా విడిచిపెడతాయి. ఇంధనం బాగా తగ్గగానే పలు కార్ల తెరలు అంకెను చూపడం మాని అడ్డగీతలు చూపుతాయి. ఒక హద్దు దాటిన తరువాత తన లెక్కను తానే నమ్మలేనని యంత్రం ఒప్పుకోవడం మెచ్చదగినదే. దాచి ఉంచిన ఆ ఇంధనంతో పందెం కట్టేవారు ఒక సంగతి తెలుసుకోవాలి. టాంకులోని విద్యుత్ పంపును చల్లబరచేది అందులోని ఇంధనమే. తరచుగా అడుగంటేవరకు నడిపితే పంపు వేడెక్కి చెడిపోయే ప్రమాదం ఉన్నది. డీజిలు బండి అయితే గొట్టాలలో గాలి చేరి, డీజిలు పోసిన తరువాత కూడా వెంటనే కదలదు.

విద్యుత్ కార్లలో ఈ ప్రశ్న మరింత జటిలం. టాంకులోని పెట్రోలుకు మట్టమైనా ఉన్నది. బ్యాటరీలోని విద్యుత్తుకు బెండు వేసి చూడటం సాధ్యం కాదు. లోపలికి వచ్చిన, బయటకు పోయిన విద్యుత్తును కూడుతూ, తీసివేస్తూ, వోల్టేజిని గమనిస్తూ కంప్యూటరు అంచనా వేస్తుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం బ్యాటరీలలో వోల్టేజి నడుమభాగమంతా దాదాపు సమతలంగా ఉంటుంది. అందుచేత అవి సగముందో, పావుందో పోల్చుకోవడం కష్టం. అప్పుడప్పుడు నూరు శాతం వరకు చార్జి చేయమని కంపెనీలు చెప్పడానికి ఇది ఒక కారణం. వాతావరణ ప్రభావం కూడా అధికమే. అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 2019లో ప్రకటించిన పరీక్షలలో, 35 డిగ్రీల వేడిలో ఏసీతో నడిచినప్పుడు విద్యుత్ కార్లు పోగల దూరం సగటున 17 శాతం తగ్గింది. సున్నకు ఏడు డిగ్రీల దిగువన, లోపల వెచ్చదనం కోసం హీటరు వాడినప్పుడు 41 శాతం తగ్గింది. కడప మే నెలకు 35 డిగ్రీలంటే చల్లని పూటే!

ఈ అంకెలపై వివాదాలు ప్రభుత్వాల దాకా పోయాయి. ధ్రువీకరణ పరీక్షలో తేలిన దూరం వాడకంలో రావడం లేదన్న ఫిర్యాదులపై 2021 మార్చిలో ఢిల్లీ ప్రభుత్వం ఒక విద్యుత్ కారుకు రాయితీని నిలిపివేసింది. ఆ ఉత్తర్వుపై హైకోర్టు స్టే ఇచ్చింది. చలికాలంలో దూరం తగ్గుతుందన్న సంగతిని కొనుగోలుదారులకు సరిగా తెలుపలేదన్న కారణంతో 2023 జనవరిలో దక్షిణ కొరియా వాణిజ్య నియంత్రణ సంస్థ టెస్లాకు 285 కోట్ల వాన్ల జరిమానా విధించింది. విద్యుత్ వాహనాలలో ఒక వెసులుబాటు మాత్రం ఉన్నది. 2022 సెప్టెంబరు నుంచి తిరుమల ఘాట్ రోడ్డుపై ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ విద్యుత్ బస్సులు తిరుగుతున్నాయి. కొండ ఎక్కేటప్పుడు ఖర్చయిన శక్తిలో కొంత భాగం, దిగేటప్పుడు బ్రేకుల ద్వారా తిరిగి బ్యాటరీకి చేరుతుంది.

పెట్రోలు కారుకు ఆ వెసులుబాటు లేదు. దాని అంకెలోని నిజమెంతో తెలుసుకోవడానికి ఒక పాత పద్ధతి ఉన్నది. బంకులో పైపు దానంతటదే ఆగేవరకు టాంకు నింపి, మీటరు రాసుకోవాలి. 200 కిలోమీటర్లకు తక్కువ కాకుండా నడిపి, వీలైతే అదే బంకులో, అదే పైపుతో మళ్లీ నింపాలి. 210 కిలోమీటర్లకు 13 లీటర్లు పట్టినవనుకొంటే మైలేజి 16 కిలోమీటర్లకు కొంచెం ఎక్కువ. తెర 17 అని చూపి ఉంటే, అది ప్రతి వంద కిలోమీటర్లకు దాదాపు ఐదు కిలోమీటర్లు ఎక్కువ చెబుతున్నదన్నమాట.

కర్నూలులో బయలుదేరిన ఆ ప్రయాణికుడు ఇప్పుడు కడప చేరారు. దారి పొడవునా మైలేజి నిలకడగా ఉండటంతో సగటు 17.5 అయింది. 3.6 లీటర్లు మిగిలినవి. తెర 63 అంటున్నది. ఆయన రాయచోటి పోవాలి. అది సుమారు 50 కిలోమీటర్లు. 13 కిలోమీటర్లు మిగులుతాయని తెర భరోసా. అయితే ఆ సగటు కర్నూలు నుంచి కడపకు దిగివచ్చిన దారిది. రాయచోటి కడప కంటే 200 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నది. 1200 కిలోల కారు వంద మీటర్ల ఎత్తు ఎక్కడానికి అదనంగా 150 మిల్లీలీటర్ల పెట్రోలు కావాలి. అంటే రెండు వందల మీటర్లకు 300 మిల్లీలీటర్లు, ఐదు కిలోమీటర్లకు పైబడిన దూరం. తెర ఎక్కువ చెప్పే ఐదు శాతం మరో మూడు కిలోమీటర్లు. కడప ఊరి లోపలి రద్దీలో, ఘాట్‌లో లారీల వెనుక రెండవ గేరులో పాకడంలో పోయేది వేరు. అడుగున ఉన్న ఆ 3.6 లీటర్లు నిజంగా 3.6 లీటర్లేనా అన్నది మరొక సందేహం. ఊరు దాటేలోగా ఆయన కారును బంకులోకి తిప్పి పది లీటర్లు పోయించారు. ఘాట్ ఎక్కి, గువ్వలచెరువులో పాలకోవా కొనడానికి దిగేసరికి తెర మీది అంకె తాను నడిచిన దూరం కంటే ఎక్కువే తగ్గి ఉన్నది. మరునాడు అదే ఘాట్ దిగివస్తున్నప్పుడు అది మళ్లీ పెరగడం మొదలుపెట్టింది.