సెంట్రల్ ఏసీ ఇళ్లలో దాగిన నీరు: కొత్తగా అమెరికా చేరినవారికి

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం చుట్టుపక్కల, నారాయణగూడ, అశోక్ నగర్ హాస్టళ్లలో ఎండాకాలాలు గడిపి అమెరికా వెళ్లే యువతకు కూలర్ సంగతి బాగా తెలుసు. తొట్టిలో నీరు జిగురుపట్టి, గడ్డి తడకలు ముక్కవాసన కొడితే, తొట్టి కడిగి తడకలు మార్చాలని ఎవరూ చెప్పనక్కరలేదు. అమెరికా ఇళ్లలోనైతే చల్లబరిచే సెంట్రల్ ఏసీ, చలికాలంలో గాలిని వేడిచేసే ఫర్నేస్ అటకమీదో బేస్‌మెంట్‌లోనో ఉండి, గాలి డక్టులనే రేకు గొట్టాల గుండా గదులకు చేరుతుంది గనుక, నీరు నిలిచే చోటు కంటపడదు. ఇల్లు చేరగానే ఆ చోటును వెతికి చూసుకోవడమే మొదటి జాగ్రత్త.

గాలిలోని తేమ ఏసీలోని చల్లని కాయిల్‌ను తాకి నీటిబొట్లుగా మారి, కింది పళ్లెంలోకి జారి, సన్నని డ్రెయిన్ పైపు ద్వారా బయటికి పోతుంది. దుమ్ము ఆ తడిలో కలిస్తే బాక్టీరియా బయోఫిల్మ్ అనే జిగురుపొర కట్టుకొని పెరుగుతుంది, పొర మందమైతే పైపు పూడి పళ్లెం పొంగుతుంది. దుమ్మును ఆపేది ఫిల్టరే కాబట్టి దానిని ఒకటి నుంచి మూడు నెలలకోసారి మార్చాలి. వేసవిలో డ్రెయిన్ పైపులో అప్పుడప్పుడు తెల్ల వెనిగర్ పోయవచ్చు. వెనిగర్‌ను బ్లీచ్‌తో మాత్రం ఎన్నడూ కలపరాదు, ఆ కలయికనుంచి విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది.

1976 జులైలో ఫిలడెల్ఫియాలోని ఒక హోటల్లో జరిగిన మాజీ సైనికుల సదస్సు తర్వాత ప్రబలిన న్యుమోనియాకు లీజియోనెల్లా అనే బాక్టీరియా కారణమని 1977 జనవరిలో తేలినప్పటినుంచి, ఏసీ అంటే ఈ జబ్బే గుర్తుకు రావడం చాలామందికి అలవాటైంది. పెద్ద భవనాల కూలింగ్ టవర్ల విషయంలో ఆ భయం సహేతుకమే. ఇంటి ఏసీ గాలిని చల్లబరచడానికి నీటిని వాడదు కాబట్టి అది ఈ బాక్టీరియాకు నెలవు కాదు. ఇంట్లో చూడవలసినది వాటర్ హీటర్. సుమారు 25 నుంచి 45 డిగ్రీల సెల్సియస్ మధ్య గోరువెచ్చని నీటిలో లీజియోనెల్లా బాగా పెరుగుతుంది గనుక హీటర్‌ను కనీసం 49 డిగ్రీల దగ్గర ఉంచాలి, పిల్లలున్న ఇంట్లో ఒళ్లు కాలకుండా కుళాయి దగ్గర నీటిని చూసుకోవాలి. హైదరాబాదు వచ్చి నెలరోజులుండి తిరిగి వెళ్లినవారు, షవర్ కింద నిలబడేముందు కుళాయిలన్నీ తెరిచి, తుంపరలు పీల్చకుండా కొన్ని నిమిషాలు నీటిని వదిలేయడం మంచిది.

ఫర్నేస్‌కు అమర్చిన హ్యూమిడిఫైయర్, అంటే చలికాలపు పొడిగాలికి తేమనిచ్చే పరికరం, ఉంటే దాని ప్యాడ్‌ను ఏటా మార్పించాలి. ఇంట్లో తేమను 30 నుంచి 50 శాతం మధ్య ఉంచుకోవాలి. డక్టుల్లో క్రిమిసంహారక మందు చల్లిస్తామనేవారిని తొందరపడి నమ్మరాదు. అద్దెకున్నవారు పళ్లెంలో నిలిచిన నీటిని ఫోటో తీసి, మాటతో సరిపెట్టక, అపార్ట్‌మెంట్ ఆఫీసుకు రాతపూర్వకంగా తెలియజేయాలి.