ఎడారి ఇంటి ముందు ఏం పరవాలి?

మా బాబాయి అమెరికాలో, ఫీనిక్స్ శివారులో ఇల్లు కొన్నాడు. రోడ్డు నుంచి గ్యారేజీ దాకా 60 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పున ఉట్టి మట్టి దారి. డబ్బంతా ఇంటికే అయిపోయింది. "సివిల్ చదువుతున్నావు కదరా, తక్కువలో ఏం వేయించమంటావు?" అని అడిగాడు. పైగా చలికాలంలో నానమ్మ అక్కడికి వెళ్తోంది. ఆవిడది చేతికర్ర నడక.

తారు గురించి ఎక్కువ ఆలోచించలేదు. 2023 వేసవిలో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు 110 డిగ్రీల ఫారన్‌హీట్ (43 సెల్సియస్), అంతకు మించిన ఎండ కాసింది. ఆ ఎండకి తారు మెత్తబడుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ పెళుసెక్కి పగులుతుంది. కొన్నేళ్లకోసారి సీల్ కోట్ ఖర్చు ఉండనే ఉంది.

కాంక్రీట్ అయితే మంచిదే. కానీ 4 అంగుళాల మందంతో దారంతా వేస్తే 240 ఘనపుటడుగులు. ఆ లెక్క వినగానే బాబాయి కాసేపు మాట్లాడలేదు.

మిగిలింది కంకర, మొరం. నున్నటి గులకరాళ్లు చూడ్డానికి బాగుంటాయి గానీ ఒకదాన్నొకటి పట్టుకోవు, టైరు కింద జారిపోతాయి. కోణాలున్న క్రషర్ కంకర పట్టుకుంటుంది. అక్కడ 'డీకంపోజ్డ్ గ్రానైట్' అని అమ్మేది కొత్త వస్తువేం కాదు, మన హైదరాబాద్ చుట్టుపక్కల తవ్వే మొరం లాంటిదే: శిథిలమైన గ్రానైట్. అందులో నూక, పొడి కలిసి ఉండటం వల్ల రోలర్ కింద బిగుసుకుంటుంది.

అయితే పొడిగా తొక్కిస్తే బిగుసుకోదు! మన సాయిల్ ల్యాబ్‌లో ప్రాక్టర్ టెస్ట్ చేస్తాం కదా, ఆ గ్రాఫ్‌లో శిఖరం ఉండేది సరైన తేమ దగ్గరే. ఎడారి మట్టిలో తేమ ఎక్కడిది? తడిపి, పలుచటి పొరలుగా తొక్కించాలి. కింద క్రషర్ కంకర, పైన మొరం.

ఇంకోటి వాన. ఏడాది మొత్తానికి 7 అంగుళాల పైచిలుకే, కానీ అందులో కొంత వేసవి చివరి తుఫానుల్లో ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. ఎండిన నేల అంత వేగంగా పీల్చుకోలేదు, మొరం కొట్టుకుపోతుంది. అందుకే దారి మధ్య భాగం అంచులకన్నా అంగుళంన్నర ఎత్తు ఉండాలన్నాను.

ఎంత తొక్కించినా పైన కొంచెం నూక లేస్తూనే ఉంటుంది. చేతికర్ర జారడానికి అది చాలు. కాబట్టి కారు ఆగే చోటు నుంచి గుమ్మం దాకా, 15 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పున కాంక్రీట్ నడకదారి. ఇది 20 ఘనపుటడుగులే, మొత్తం దారిలో పన్నెండో వంతు. తెల్లవారకముందే పోయించి, వారం రోజులు తడి ఆరకుండా చూడమన్నాను. ఫీనిక్స్ ప్రాంతంలో దుమ్ము మీద నిబంధనలున్నాయి కాబట్టి మొరానికి అనుమతి ఉందో లేదో ముందే కనుక్కోమన్నాను.

బాబాయి రెండు కొటేషన్లు పంపాడు. చవకైన దాంట్లో రోలర్ మాటా లేదు, నీళ్ల మాటా లేదు. రెండోవాడితో మాట్లాడమన్నాను.